ఇంట్లో సౌండ్ ఇంజనీర్

జూన్ 3, సోమవారం

పెట్టెలు దిగాయి. మొత్తం ఎనిమిది. హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఐదు స్పీకర్లు, ఒక రిసీవర్, బేస్ డబ్బా, టీవీ స్టాండు. హోమ్ థియేటర్ కొంటానని మామయ్యగారు ఏడాదిగా అంటుంటే ఊరికే అంటున్నారనుకున్నాను.

షాపు నుంచి ఫోను. బిగించడానికి టెక్నీషియన్ని ఎప్పుడు పంపమంటారు సార్ అని. మామయ్యగారు నా వైపు చూసి నవ్వుతూ: "అక్కర్లేదండీ. మా అల్లుడే సౌండ్ ఇంజనీరు. ఇంట్లో ఇంజనీర్ని పెట్టుకుని బయటివాళ్ళెందుకు?"

నేనూ నవ్వాను. ఇంకేం చెయ్యను?

శిరీష తలుపు దగ్గర నిలబడి నా వంక గర్వంగా చూస్తోంది. పెళ్ళయిన రెండేళ్ళలో భార్య గర్వంగా చూస్తే భయపడ్డ మొగుణ్ణి నేనొక్కణ్ణేనేమో.

జూన్ 4, మంగళవారం

ఎవరికీ చెప్పలేనిది ఇక్కడన్నా రాయాలి.

నేను సౌండ్ ఇంజనీర్ని కాదు. కృష్ణానగర్ డబ్బింగ్ స్టూడియోలో మూడేళ్ళు పనిచేసిన మాట నిజం. ఆర్టిస్టులకి ఫోన్లు చేసి టైముకి రప్పించడం, కేబుళ్ళు చుట్టడం, హెడ్‌ఫోన్లు తుడవడం... అదీ ఉద్యోగం. మిక్సర్ ముందు కూర్చునేది యూసుఫ్. ఆ కుర్చీ తుడిచేది నేను.

పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి "అబ్బాయి సౌండ్ ఇంజనీరండీ" అన్నాడు. మామయ్యగారు నా వైపు తిరిగి "అలాగా బాబూ?" అన్నారు. నోట్లో కాజా ఉంది. తల ఊపాను. నమిలి మింగేలోపు మాట పాత చుట్టాల మీదికి పోయింది.

ఆ తర్వాత స్టూడియో మూతపడింది. "అద్దె గదిలో ఎందుకయ్యా, మా ఇంటికొచ్చేయండి" అన్నారు మామయ్యగారు. పంజాగుట్టలో వాళ్ళ ఫ్లాటు, సనత్‌నగర్‌లో ఇనుప బీరువాలు చేసే వాళ్ళ షెడ్డు. ఏడాదిగా పొద్దున షెడ్డులో ఫోన్లు ఎత్తుతున్నాను, సాయంత్రం వాళ్ళ అన్నం తింటున్నాను. మనిషి మంచివాడు కావడమే నా ప్రాణానికొచ్చింది. ఒక్కసారి కసిరినా బాగుండేది, కోపంలో నిజం కక్కేసేవాణ్ణి.

జూన్ 5, బుధవారం

బాత్రూంలో కూర్చుని ఫోన్లో స్పీకర్లు బిగించే వీడియోలు. అరగంట. బయట అత్తయ్యగారు: "బాబూ, కడుపులో బాగాలేదా? మజ్జిగ కలపనా?"

కలపమన్నాను. తాగాను కూడా.

జూన్ 6, గురువారం

అమీర్‌పేట వెళ్ళాను. సెల్లార్‌లో యూసుఫ్ రిపేరు కొట్టు. చుట్టూ విప్పిన యాంప్లిఫైయర్లు, మధ్యలో వాడు. విషయం చెప్పగానే చేతిలో సోల్డరింగ్ గన్ పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"నువ్వెప్పుడైనవ్ భాయ్ ఇంజనీరు? కేబుల్ చుట్టెటోనివి గదా!"

నవ్వడం అయ్యాక నేర్పాడు. ముందు మూడు స్పీకర్లు టీవీ దగ్గర, రెండు పక్కలకి, చెవుల కంటే కొంచెం వెనక, కొంచెం పైన. ఎర్ర వైరు ఎర్రదానికి, నల్లది నల్లదానికి. "డబ్బాల మైక్ ఒకటి ఉంటది. గా మైక్‌ను మనిషి కూసునే జాగల, చెవులెత్తుల పెట్టు. అందర్ని బయటికి పంపి తలుపు బంద్ చెయ్. గది సంగతి అదే కొలుసుకుంటది. ఫికర్ చేయకు. బేస్ డబ్బను మాత్రం మూలకు నూకకు, గది మొత్తం బుంయ్యంటది."

అన్నీ చేతిమీద రాసుకొచ్చాను. బస్సులో చెమటకి సగం చెరిగిపోయాయి.

జూన్ 7, శుక్రవారం

మధ్య గది సినిమా గది అయింది. కిటికీకి షెడ్డు వడ్రంగి చెక్క కొట్టేశాడు. దానిమీద ఫోము. గాలి లేదు, వెలుతురు లేదు. మైక్ కొలుస్తున్నప్పుడు ఫ్యాను కూడా వెయ్యకూడదు. నేనూ, ఐదు స్పీకర్లూ, మూలన ఒక బీరువా. తలుపు వేసుకున్నాను.

బేస్ డబ్బా టీవీ పక్కన పెడదామని జరుపుతుంటే మామయ్యగారు పరుగున వచ్చారు. "ఈశాన్యంలో బరువా? తియ్, తియ్! బరువెప్పుడూ నైరుతిలోనే." నైరుతి మూలలోనే బీరువా ఉంది. ఈ ఇంట్లో ప్రతి గదికీ నైరుతి మూలన సొంత షెడ్డు బీరువా ఒకటి. దాని పక్కనే డబ్బా పెట్టాను. మూలకు నూకకు అన్న యూసుఫ్ మాట చేతిమీద ఇంకా చెరగలేదు. చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.

కుర్చీ మీద రెండు దిండ్లు, వాటిమీద పప్పుల డబ్బా, డబ్బా మీద మైక్. బటన్ నొక్కాను. ఒక్కో స్పీకర్లోంచీ కూత. సగంలో కుక్కర్ విజిల్. మళ్ళీ మొదలు. ఈసారి రోడ్డు మీద అంబులెన్సు. మళ్ళీ. అత్తయ్యగారు తలుపు తీసి "కాఫీ బాబూ". నాలుగోసారికి అయింది. చొక్కా పిండుకున్నాను.

జూన్ 9, ఆదివారం

మొదటి పరీక్ష. తెరమీద కారు ఎడమ నుంచి కుడికి దూసుకుపోయింది. చప్పుడు మాత్రం కుడి నుంచి ఎడమకి వచ్చింది.

"అదేంటయ్యా, కారు వంటింట్లోకి పోతుంటే ఇంజను దేవుడి గదిలోంచి వస్తోంది?"

వైర్లు తారుమారుగా కలిపానన్నమాట. అన్ని స్పీకర్లకీ. "కొత్త సిస్టమ్ కదండీ, కొంచెం సెట్ అవ్వాలి" అన్నాను. ఎంత హాయిగా వస్తోందో అబద్ధం. శిరీష పక్కనుంచి "నాన్నా, ఇంజనీర్ని పని చేసుకోనివ్వండి" అంది. మాట పడకుండా నన్ను కాపాడుతోంది పాపం.

జూన్ 11, మంగళవారం

వైర్లు సరిచేశాను. మాటలు మాటల్లా, వాన వానలా వినిపిస్తున్నాయి. నాకే ఆశ్చర్యం. కళ్ళు మూసుకుంటే వాన వీపు వెనక కూడా కురుస్తోంది. రెండు నిమిషాలు అన్నీ మర్చిపోయాను. ఈ పని నాకు నచ్చుతోంది, అదొక కొత్త బాధ.

కానీ లావు శబ్దం వచ్చినప్పుడల్లా ఎక్కడో గర్ర్‌మని రొద. మామయ్యగారు మొహం చిట్లించారు. "ఇదేదో నీ సెట్టింగులో తేడా ఉందయ్యా."

సెట్టింగ్ కాదు. బీరువా. చెవి ఆనించి విన్నాను, లోపల లాకర్ తలుపు వదులుగా ఉంది, బేస్ డబ్బా దద్దరిల్లినప్పుడల్లా రేకు వణుకుతోంది. ముప్పై ఏళ్ళుగా బీరువాలు చేస్తున్న మనిషితో మీ బీరువా వదులుగా ఉందండీ అని ఎలా చెప్పడం? ఆయన అన్నం తింటూ.

"చూస్తానండీ" అన్నాను.

జూన్ 12, బుధవారం

లాకర్ తలుపుకి చిన్న రబ్బరు ముక్క అంటిస్తే చాలు, రొద పోతుంది. దానికి బీరువా తెరవాలి. తాళం అత్తయ్యగారి నడుముకి ఉంటుంది.

అత్తారింట్లో ఉంటున్న అల్లుడు బీరువా తాళం అడగడం! లోపల శిరీష పెళ్ళి నగలు, అత్తయ్యగారి గొలుసులు. మూడుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. మూడుసార్లూ మంచినీళ్ళు అడిగి తాగొచ్చాను.

ఆదివారం మామయ్యగారి స్నేహితులు వస్తున్నారట. సనత్‌నగర్ షెడ్ల వాళ్ళు. నలుగురికి చెప్పారట మా అల్లుడు స్వయంగా బిగించాడని.

జూన్ 13, గురువారం

మధ్యాహ్నం మామయ్యగారు షెడ్డులో. నేను గదిలో ఆ రొద వచ్చే చోటే మళ్ళీ మళ్ళీ పెట్టి వింటున్నాను. అత్తయ్యగారు వచ్చారు. నడుముకున్న తాళం తీసి, బీరువా తెరిచి, ఒక జాకెట్టు గుడ్డ నాలుగు మడతలు పెట్టి లాకర్ తలుపు సందులో దోపారు.

"ఇప్పుడు పెట్టండి బాబూ."

పెట్టాను. రొద లేదు.

"పై ఫ్లోర్లో వాళ్ళు గ్రైండర్ వేసినప్పుడల్లా మోగేది. పదేళ్ళుగా ఇలాగే గుడ్డ పెడుతున్నా. మొన్న చీర తీస్తుంటే జారిపోయినట్టుంది. ఆయనకి చెప్పకండేం. చిన్నబుచ్చుకుంటారు."

ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఆ బీరువానే చూస్తూ కూర్చున్నాను. పదేళ్ళు! ఆవిడ ఈ గుట్టుని అంత తేలిగ్గా ఎలా మోస్తున్నారో. ఆవిడది ప్రేమ, అందుకేనేమో. నాది భయం.

జూన్ 16, ఆదివారం

అయింది. బాగా అయింది. అదే కొంప ముంచింది.

నలుగురు వచ్చారు. మామయ్యగారు మధ్య కుర్చీలో. సినిమాలో వాన మొదలవగానే ఒకాయన నిజంగా వెనక్కి తిరిగి చూశాడు. అందరూ నవ్వారు. మామయ్యగారు మాత్రం నవ్వలేదు. కళ్ళు మూసుకుని వింటున్నారు. అయ్యాక నా భుజం మీద చెయ్యి వేసి, "ముప్పై ఏళ్ళు రేకు మీద సుత్తి దెబ్బలు విన్న చెవులయ్యా ఇవి. ఇంత సన్నటి చప్పుడు కూడా వినపడుతుందని నాకు తెలీదు" అన్నారు.  నాకు ఏడుపొచ్చింది. సంతోషమో సిగ్గో తెలియదు, రెండూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు చెప్పారు, అందరి ముందూ. అమీర్‌పేటలో ఒక షట్టర్, అంటే చిన్న షాపు గది, అద్దెకి మాట్లాడారట. నాకోసం. హోమ్ థియేటర్లు అమ్మడం, బిగించడం. "ఇంత విద్య చేతిలో పెట్టుకుని నా షెడ్డులో ఫోన్లెత్తడమేంటి?" శుక్రవారం అగ్రిమెంటు. ఆషాఢం వస్తే మళ్ళీ నెల ఆగాలి కాబట్టి ఈలోపే.

చప్పట్లు కొట్టారు. గది తలుపు వేసే ఉంది. గాలి ఆడలేదు నాకు.

జూన్ 17, సోమవారం

షట్టర్ చూపించారు. మెట్రో స్టేషన్ వెనక సందు. పైన, కింద, పక్కన అన్నీ కోచింగ్ బోర్డులే. మూడు నెలల్లో ఇంజనీర్ని చేస్తామని ఒక బోర్డు. నేను ఒక్క తల ఊపుతో అయిపోయాను, వీళ్ళు నా దగ్గర నేర్చుకోవాలి.

మామయ్యగారు షట్టర్ పైకెత్తి కిందికి దించి చూశారు. రేకు మంచిదేనట. లోపల నిలబడ్డాను. ఆయన సరదాకి సగం దించి, "ఎలా ఉంది లోపల?" అన్నారు.

బాగుందన్నాను.

జూన్ 18, మంగళవారం

యూసుఫ్ దగ్గరికే. నా ఆలోచన ఇది: షాపు నా పేరు మీద, పని వాడు చూసుకుంటాడు. జీతం మంచిదే ఇప్పిస్తాను. సెల్లార్ లోంచి బయటపడతాడు.

వాడు ఈసారి నవ్వలేదు.

"బోర్డు మీద నీ పేరు, లోపట నా చెయ్యి. గట్ల నాతోని కాదు భాయ్. మస్తు దినాలు గట్లనే బతికిన. అన్ని సిన్మాలు చేసిన గదా స్టూడియోల, ఒక్కదాంట్ల సుత నా పేరు పడలె. యాదికుందా?"

గుర్తుంది. వాడు కూర్చునే కుర్చీ తుడిచిన నాకు గుర్తులేకపోతే ఎవరికి ఉంటుంది.

వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. "నేర్చుకుంటనంటె నేర్పుత. ఆర్నెల్లు నా పక్కన కూసో. నీకు చెవి ఉంది, నేను అబద్ధం చెప్త లేను. కానీ ఇంజనీరునని ఎవనికి చెప్పకు. ముందుగాల ఇంట్ల చెప్పు."

ఇంట్ల చెప్పు. ఎంత చిన్న మాట!

జూన్ 19, బుధవారం

ముందు శిరీషకి చెప్పాలనుకున్నాను. ఆఫీసు నుంచి ఆరింటికి దిగుతుంది. పంజాగుట్ట మెట్రో మెట్ల కింద నిలబడ్డాను. నన్ను చూసి మొహం వెలిగింది. "ఏంటి, షాపు ఓనరుగారు స్వయంగా వచ్చారు!"

నడుస్తూ చెప్పేశాను. కాజా దగ్గర్నుంచి అన్నీ. ఆమె ఆగలేదు, నడుస్తూనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూశాను, కళ్ళనిండా నీళ్ళు.

"రెండేళ్ళు..."

రోడ్డు దాటాం. తర్వాత మెల్లగా: "నాన్న మునిసిపల్ ఆఫీసు సంబంధం ఖాయం చేస్తానంటే, ఇంజనీర్ని కాదని గుమాస్తాకిస్తారా అని దెబ్బలాడాను. ఇరవై రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని గెలిచాను. ఇప్పుడు నువ్వు ఇంజనీరువి కాదంటే నేనేం కావాలి ఆయన ముందు?"

తప్పయిపోయిందన్నాను. ఎంత వట్టి మాటో అది.

"నాన్నకి చెప్పకు. షాపు పెట్టు. మెల్లగా నేర్చుకో. ఎవరికి తెలుస్తుంది?" అని, వెంటనే, "నా వంక అలా చూడకు. నాకు మాత్రం సరదానా?"

లిఫ్టు అద్దంలో కళ్ళు తుడుచుకుంది. జుట్టు సర్దుకుంది. తలుపు తియ్యగానే "నాన్నా!" అని నవ్వుతూ లోపలికి వెళ్ళింది. నా అబద్ధం ఆమె మొహం మీదికి ఎక్కడం కళ్ళారా చూశాను. ఇప్పటిదాకా ఒక్కణ్ణే ఇరుక్కున్నాననుకున్నాను.

జూన్ 20, గురువారం

ఇవాళ చెప్పి తీరాలని షెడ్డుకి వెళ్ళాను. శిరీష వద్దంది, అయినా సరే. సుత్తి దెబ్బలు ఆగే టీ వేళ కోసం చూశాను. ఆగాయి. మామయ్యగారు అందర్నీ పిలిచారు. "రేపట్నుంచి అల్లుడుగారు షెడ్డుకి రారు. సొంత షాపు!" మిఠాయి డబ్బా విప్పి మొదటిది నా నోట్లో పెట్టారు.

మళ్ళీ నోట్లో తీపి. మళ్ళీ తల ఊపాను.

జూన్ 21, శుక్రవారం

తొమ్మిదింబావు. పదిన్నరకి రాహుకాలం, ఆలోపే సంతకాలు. అగ్రిమెంటు కాగితాలు టీపాయ్ మీద. మామయ్యగారు కొత్త చొక్కా. నేనూ.

శిరీష ఆఫీసుకి సెలవు పెట్టింది. పొద్దున్నుంచి నాతో మాట్లాడలేదు. కాఫీ ఇస్తూ చెయ్యి తగిలితే తీసేసుకోలేదు, అంతే.

ఇప్పుడే ఫ్లెక్సు షాపు నుంచి బోర్డు డిజైను వచ్చింది, మామయ్యగారి ఫోనుకి. ఫోన్ నా చేతిలో పెట్టారు.

"నాకు అక్షరాలు ఆనట్లేదు. తప్పులేమన్నా ఉన్నాయేమో నువ్వు చూడు. నువ్వు సరే అంటే ప్రింటుకి పోతుంది."

నీలం రంగు. పైన షాపు పేరు. కింద నా పేరు. దాని కింద, కొంచెం చిన్న అక్షరాల్లో, సౌండ్ ఇంజనీర్. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడా దీర్ఘం కూడా పోలేదు.

సరే అంటే చాలు. రెండక్షరాలు. తల ఊపినా చాలు.

శిరీష వంటింటి గుమ్మంలో నిలబడింది. తల అడ్డంగా ఊపుతుందనుకున్నాను. ఊపలేదు. నన్నే చూస్తోంది, అంతే.

"ఏంటయ్యా, అంతసేపు చూస్తున్నావ్? తప్పుందా?"

ఉందండీ అన్నాను.

నా గొంతేనా అది! అనేశాను. ఒకటుందండీ మామయ్యగారూ, అన్నాను.

"చూశావా, మంచిదయింది అడిగాను. ఆగు, కళ్ళజోడు తెచ్చుకుంటా. ఏది తప్పో చూపిద్దువుగాని."

లోపల వెతుకుతున్నారు. అత్తయ్యగారూ వెతుకుతున్నారు. టీవీ మీద చూడండి అంటున్నారు ఆవిడ. లేదంటున్నారు ఈయన. చేతులు ఊరుకోక ఈ నాలుగు ముక్కలూ గీకుతున్నాను. శిరీష వచ్చి పక్కన కూర్చుంది.

కళ్ళజోడు దొరికిందట. వస్తున్నారు.